పని ముగిసిన పిదప పాఠము: ఆచార్య టానీ జీవితము

కథాసరిత్సాగరము పేరు వినని తెలుగు విద్యార్థి యుండడు. గుణాఢ్యుడు సాతవాహనుని కాలమున పైశాచీ భాషలో రచించెనని చెప్పెడి బృహత్కథకు సోమదేవభట్టు కూర్చిన సంస్కృతరూపమది. ఆ మహాగ్రంథమును ఇంగ్లీషులోనికి సమగ్రముగా అనువదించిన పండితుడు చార్లెస్ హెన్రీ టానీ. ఆయన కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలకు అధ్యక్షుడుగా నుండెను. ఉత్తరరామచరితమును, మాళవికాగ్నిమిత్రమును ఆంగ్లీకరించెను. మనకు ఏనుగు లక్ష్మణకవి తెనుగు పద్యములలో పరిచితుడైన భర్తృహరియొక్క నీతి వైరాగ్య శతకములును ఆయన చేతిమీదుగనే ఇంగ్లీషువారికి చేరినవి. కథాసరిత్సాగరానువాదము కలకత్తాలో వెలువడనారంభించిన 1880వ సంవత్సరముననే, నవంబరు 30వ తేదీన, ఆ పండితునకు కలకత్తాలో ఒక కుమారుడు కలిగెను. ఈ వ్యాసమునకు నాయకుడగు రిచర్డ్ హెన్రీ టానీ ఆ బాలుడే.

నేడు విశ్వవిద్యాలయములలోని చరిత్రశాఖలు ప్రజల కొరకు ఉపన్యాసములు, అధ్యయన శిబిరములు నడుపుట మనకు వింత కాదు. ఉపన్యాసకుడు వచ్చును, గంటసేపు మాటలాడును, చప్పట్లు మ్రోగును, పూలదండ పడును, సభ ముగియును. వినినవాడు ఇంటికి పోయి ఏమి చేసెనో ఎవరికిని తెలియదు. ఆ వినినవాని సంగతి ఏమైనదని పట్టుదలతో అడిగిన కొలదిమందిలో టానీ ముఖ్యుడు. అందుచేతనే ఆయన వ్రాసిన గొప్ప గ్రంథముల కంటె ముందుగా ఆయన చెప్పిన పాఠములను గూర్చి వ్రాయవలసియున్నది.

బాల్యముననే టానీ ఇంగ్లండు చేరెను. రగ్బీ పాఠశాలలో చదివి, 1899లో ఆక్స్‌ఫర్డునందలి బేలియల్ కళాశాలలో ప్రవేశించెను. తరువాతి కాలమున కాంటర్‌బరీ ప్రధాన మతాచార్యుడైన విలియం టెంపుల్ ఆయనకు ప్రాణమిత్రుడు. 1942లో సాంఘికభద్రతను గూర్చిన నివేదికతో ప్రఖ్యాతుడైన విలియం బెవెరిడ్జ్ మరియొక స్నేహితుడు. 1903లో టానీ పట్టపరీక్షలో రెండవ తరగతిలో ఉత్తీర్ణుడయ్యెను. ఏబదియేండ్ల పిమ్మట ఆ శతాబ్దపు మహాచరిత్రకారులలో ఒకడుగా పేరొందినవానికి పరీక్షాధికారులు మొదటి తరగతి యీయలేదన్నమాట! మార్కుల పట్టికలు కూర్చెడి మాబోటివారు అప్పుడప్పుడు జ్ఞాపకము చేసికొనవలసిన సంగతి ఇది.

చదువు ముగిసినంతనే ఆయన లండను నగరపు తూర్పుభాగమున, వైట్‌చాపెల్ పేటలోని టాయిన్‌బీ హాలునకు పోయెను. విశ్వవిద్యాలయములలో చదివిన యువకులు బీదల నడుమ నివసించి సేవచేయుటకై 1884లో స్థాపించిన సంస్థ అది. పారిశ్రామిక విప్లవమను మాటను చరిత్రవిద్యార్థుల నోళ్ళలో నానునట్లు చేసి, ముప్పదియేండ్లకే కన్నుమూసిన ఆర్నాల్డ్ టాయిన్‌బీ పేర అది వెలసినది. నాగరకతల ఉత్థానపతనములను గూర్చి సంపుటములు రచించిన టాయిన్‌బీ ఇతని సోదరుని కుమారుడు. ఇద్దరి పేరును ఒకటే యగుటచే మన విద్యార్థులు తరచు పొరబడుచుందురు. టానీ అక్కడ పేదపిల్లలను సెలవులలో పల్లెలకు పంపెడి ఒక సహాయనిధికి పని చేసెను. పని మంచిదే. కాని రెండువారములు పచ్చిక బయళ్ళలో ఆడుకొనిన బిడ్డ మరల ఆ ఇరుకుగదికే తిరిగివచ్చుచుండెను. దానము పేదరికమును తుడువజాలదనియు, పేదరికమునకు మూలము వ్యక్తుల దోషములలో గాక సంఘపు కట్టుబాట్లలో నున్నదనియు ఆయనకు క్రమముగా తోచెను. ఆ కట్టుబాట్లు ఎట్లు పుట్టెనో తెలియవలెనన్నచో చరిత్రను తప్ప దేనిని ఆశ్రయింపవలెను?

ఇక్కడ కొంత పూర్వకథ చెప్పవలసియున్నది. విశ్వవిద్యాలయములు తమ ప్రాకారములు దాటి ఊళ్ళకు పోయి ఉపన్యాసము లిచ్చు పద్ధతిని 1873లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆరంభించెను. ఆక్స్‌ఫర్డును అదే బాట పట్టెను. పేరుగల వక్త వచ్చినచో వందలకొలది జనము వచ్చెడివారు. అయితే ఆ ఉపన్యాసములకు రుసుము చెల్లింపవలెను. చెల్లింపగలవారు మధ్యతరగతి గృహస్థులు, తీరికగల స్త్రీలు. మగ్గముమీద పదిగంటలు నిలిచి పనిచేసినవాడు వచ్చినను, అంత పెద్ద సభలో లేచి ప్రశ్న వేయుటకు జంకును. సభ మహోత్సవమువలె జరిగి, మరునాటికి మాసిపోవుచుండెను.

ఈ లోపమును గ్రహించినవాడు పండితుడు కాడు. ఆల్బర్ట్ మాన్స్‌బ్రిడ్జ్ అను సహకారసంఘపు గుమాస్తా. పదునాలుగేండ్ల ప్రాయముననే బడి విడిచినవాడు. 1903లో ఆయనయు భార్య ఫ్రాన్సెస్‌యు ఇంటిఖర్చుల సొమ్ములోనుండి రెండున్నర షిల్లింగులు తీసి మూలధనముగా పెట్టి శ్రామిక విద్యాసంఘమును స్థాపించిరి. టానీ 1905లో ఆ సంఘపు కార్యవర్గములో చేరెను. అప్పటినుండి నలుబది యేండ్లకు పైగా అందులోనుండి తొలగలేదు. 1907లో ఆక్స్‌ఫర్డున జరిగిన సమావేశము ఫలితముగా విశ్వవిద్యాలయము తరఫున ఏడుగురు, శ్రామికుల తరఫున ఏడుగురు గల ఉపసంఘ మేర్పడెను. సమానసంఖ్యలో కూర్చుండుటయే ఆ కాలమునకు గొప్ప విషయము.

అంతకు మునుపే రాచ్‌డేల్ పట్టణపు శ్రామికులు ఒక కోరిక పంపియుండిరి. లంకాషైరులో నూలుమిల్లుల నడుమనున్న ఊరది. 1844లో అక్కడి నేతపనివారే సహకార విక్రయశాలను స్థాపించి ప్రపంచములోని సహకారోద్యమమునకు దారి చూపిరి. ముప్పదిమందిమి క్రమము తప్పక వచ్చెదమనియు, తమకు విశ్వవిద్యాలయములోని ఉత్తమ ఉపాధ్యాయుని పంపవలెననియు వారు కోరిరి. స్టఫర్డ్‌షైరులోని లాంగ్టన్ పట్టణమునుండియు అట్టి కోరికయే వచ్చెను. లాంగ్టన్ కుమ్మరుల ఊరు. పింగాణిపాత్రలు కాల్చు ఆవములు సీసాల ఆకారమున ఇండ్లకంటె ఎత్తుగా లేచి, ఎల్లప్పుడు పొగ గ్రక్కుచుండెడివి. చుట్టుప్రక్కల బొగ్గుగనులు. అప్పటికింకను అది ప్రత్యేక పట్టణమే. 1910లో ఇరుగుపొరుగు ఊళ్ళతో కలిసి స్టోక్ నగరములో భాగమయ్యెను.

1908 జనవరి నెలలో ఒక శుక్రవారము సాయంకాలము లాంగ్టన్‌లోను, మరునాడు శనివారము అపరాహ్ణమున రాచ్‌డేల్‌లోను టానీ తన తొలి తరగతులు ప్రారంభించెను. అప్పుడాయన గ్లాస్గో విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రమునకు సహాయోపన్యాసకుడు. వారము చివర స్కాట్లండునుండి రైలుబండిలో దిగివచ్చి, రెండు ఊళ్ళలో పాఠములు చెప్పి, మరల పోవుచుండెను. వయస్సు ఇరువదియేడు. ఎదుట కూర్చున్నవారిలో పలువురు ఆయనకంటె పెద్దవారు. బొగ్గు త్రవ్వువారు, కుమ్మరులు, నేతపనివారు, యంత్రశాలలలోని పనివారు, గుమాస్తాలు, ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు. స్త్రీలసంఖ్య స్వల్పము. పనినుండి తిన్నగా వచ్చినవారి చేతులకు బొగ్గుమసియో మట్టిపూతయో ఇంకను అంటియుండుటలో వింత యేమి?

ఆ తరగతి విధానమును కొంత వివరముగా చెప్పుట అవసరము, ఏలయన ఉపాధ్యాయులకు పనికివచ్చు సంగతి అందులోనే యున్నది. తరగతిలో ముప్పదిమందికి మించరాదు. చదువు మూడు సంవత్సరములు. ఏటికి ఇరువదినాలుగు కూటములు. ప్రతి కూటమును రెండుగంటలు. మొదటిగంట ఉపాధ్యాయుని ప్రసంగము, రెండవగంట విద్యార్థుల ప్రశ్నలు, వాదములు. ఆ రెండవగంట దయతో విడిచిన మిగులుకాలము కాదు, హక్కుగా ఏర్పరచినది. పదునైదు దినముల కొకమారు విద్యార్థి వ్యాసము వ్రాసి తేవలెను. పరీక్షలు లేవు, పట్టము లేదు, జీతము పెరుగుట లేదు. వచ్చువారి కొక ప్రలోభమును లేకుండెను. ఏమి చదువవలెనో నిర్ణయించునది విద్యార్థులే. వారు కోరినది ఆర్థికచరిత్ర. తమ ఊరిలో ఈ మిల్లు ఎట్లు వచ్చెను, తమ తాతల భూమి ఎవరిచేతికి పోయెను, కూలి ఎట్లు నిర్ణయింపబడుచున్నది అను ప్రశ్నలకు వారికి సమాధానములు కావలసియుండెను.

వ్యాసములు వ్రాయుట సులభముగా సాగలేదు. బడి విడిచి ఇరువది, ముప్పది యేండ్లైనవారికి కలము పట్టుటయే బరువు. ఇంటిలో ఉన్నది ఒకే గది, అందులోనే వంట, బిడ్డలు, నిద్ర. ఇంతటి అవాంతరములలో వ్రాసిన ఆ కాగితములను బేలియల్ కళాశాలలో చరిత్రోపాధ్యాయుడగు ఏ. ఎల్. స్మిత్ పరిశీలించి, వానిలో నాలుగవవంతు ఆక్స్‌ఫర్డులో మొదటి తరగతి పొందినవారి వ్యాసములకు తీసిపోవని అభిప్రాయపడెను. ఈ మాటను ఆనాడు కొందరు నమ్మలేదు. నాకు మాత్రము నమ్మశక్యముగానే తోచుచున్నది. ఒక విషయమును తెలిసికొనక తప్పదను ఆర్తితో వ్రాసిన కాగితమునకును, మార్కుల కొరకు వ్రాసిన కాగితమునకును భేదము దిద్దువాని కంటికి మొదటి పుటలోనే కనబడును.

తరగతి ముగిసినను మాటలు ముగిసెడివి కావు. వీథిలోనికి వచ్చి, దీపస్తంభముక్రింద నిలిచి, తరువాత ఎవరో ఒకరి ఇంట టీ త్రాగుచు వాదము సాగించెడివారు. బోధించుటకు వచ్చినవానికి అక్కడ బోధనము జరిగెను. పుస్తకములలో టానీ చదివిన సిద్ధాంతమును గనిపనివాడు తన అనుభవముతో తాకి చూచెడివాడు. అది నిలిచినచో నిలిచెను, లేనిచో కూలెను. ఈ తరగతుల ఫలమే 1912లో వెలువడిన ఆయన తొలి మహాగ్రంథము, పదునారవ శతాబ్దపు ఇంగ్లండులోని భూమి సమస్యను గూర్చినది. తరతరములుగా ఆచారబద్ధమైన హక్కుతో భూమి దున్నుకొనుచున్న రైతులను తొలగించి, ఉమ్మడి బీళ్ళకు కంచెలు వేసి, భూస్వాములు గొఱ్ఱెల మందలకు మేతభూములు చేసికొనిన కథ అది. ఉన్నికి ధర హెచ్చెను, మనిషికి చోటు తగ్గెను. దానిని ఆయన శాసనములనుండియు, జమాబందీలవంటి గ్రామపత్రములనుండియు ఋజువు చేసెను. గ్రంథమును టెంపుల్, మాన్స్‌బ్రిడ్జ్‌లకు అంకితమిచ్చెను. పీఠికలో తన తరగతులలోని నేతపనివారు, కుమ్మరులు, గనిపనివారు, యంత్రకారులు తనకు నేర్పినదానిని కృతజ్ఞతతో పేర్కొనెను. పండితగ్రంథముల పీఠికలలో అట్టి పేర్లు అంతకుముందు అరుదు.

లాంగ్టన్‌లోని విద్యార్థులు తాము నేర్చినది తమతో నుంచుకొనలేదు. చుట్టుప్రక్కల గనిగ్రామములకు తామే పోయి తరగతులు నడుపసాగిరి. 1911 నాటికి అది ఉత్తర స్టఫర్డ్‌షైరు గనిపనివారి ఉన్నతవిద్యోద్యమముగా రూపొందెను. తరగతికి కార్యదర్శిగా నుండిన కార్ట్‌రైట్ అను గుమాస్తా తరువాత ఆక్స్‌ఫర్డులోనే ఈ తరగతుల నిర్వహణకు పోయెను.

అయినను ఈ యుద్యమమును అందరును మెచ్చలేదు. ఆక్స్‌ఫర్డులోనే శ్రామికుల కొరకు వెలసిన రస్కిన్ కళాశాలలో 1909లో విద్యార్థులు సమ్మె చేసిరి. తాము అభిమానించిన అధ్యక్షుని తొలగించుట తక్షణ కారణము. కాని మూలమున నున్న వివాదము పెద్దది. ధనికుల విశ్వవిద్యాలయము చెప్పు చరిత్ర శ్రామికునకు స్వేచ్ఛ నిచ్చునా, లేక వానిని మచ్చిక చేసికొనునా? ప్రభుత్వపు గ్రాంటు పుచ్చుకొనిన తరగతి ప్రభుత్వమును ప్రశ్నింపగలదా? సమ్మె చేసినవారు విడిపోయి తమ స్వంత శ్రామికకళాశాలను స్థాపించుకొనిరి. టానీ వారి మార్గము త్రొక్కలేదు. ముందుగా నిర్ణయించుకొనిన ఫలితమునకు చరిత్రను సాక్ష్యము చెప్పించుట విద్య కాదని ఆయన నిశ్చయము. తరగతిలో అన్నిపక్షముల వాదములును వినబడవలెనని ఆయన పట్టు. ఆయన మార్గమే సరియైనదని నేను తలంతును. కాని ఎదిరించినవారి ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. తరగతులలోనికి వచ్చినవారు శ్రామికులలో కొంత నిలదొక్కుకొనినవారే గాని, అట్టడుగున నున్న కూలివారు కారు. మూడేండ్ల శ్రమ అందరికిని సాధ్యము కాదు గదా.

1909లో టానీ తన మిత్రుని సోదరియగు జానెట్ బెవెరిడ్జిని పెండ్లాడెను. ఈ వివాహముతోను మన దేశపు వాసన వీడలేదు. ఆమె తండ్రి బెంగాలులో న్యాయాధికారిగా పనిచేసినవాడు. తల్లి ఏనెట్ బెవెరిడ్జ్ బాబరు ఆత్మకథను తురుష్కభాషనుండి ఇంగ్లీషులోనికి తెచ్చిన విదుషీమణి. నూతనదంపతులు మాంచెస్టరులో కాపురముండిరి.

శ్రామికవిద్యార్థులు చరిత్రకారుల అభిప్రాయములతో తృప్తి చెందక, అసలు పత్రములనే చూడగోరుచుండిరి. వానిని విశ్వవిద్యాలయపు గ్రంథాలయములనుండి తెచ్చి వారి చేతికిచ్చుట యెట్లు? బ్లాండ్, బ్రౌన్ అను ఇద్దరు సహచరులతో కలిసి టానీ ఇంగ్లండు ఆర్థికచరిత్రకు సంబంధించిన మూలపత్రములను ఎంచి, 1914లో ఒక సంపుటముగా ప్రకటించెను. చరిత్రశాఖలు నేడు జరుపు అధ్యయన శిబిరములలో మూలపత్రములను పంచిపెట్టి చదివించుట మనమెరిగినదే. ఆ పనికి అది మంచి ముందడుగు.

ఆ పుస్తకము వెలువడిన యేటనే యుద్ధము వచ్చెను. బ్రౌన్ 1915లో మరణించెను. టానీ 22వ మాంచెస్టరు పటాలములో సామాన్య సైనికుడుగా చేరెను. ఆక్స్‌ఫర్డు పట్టభద్రునకు అధికారిపదవి సహజముగా దక్కెడిది, ఈయన వలదనెను. తన తరగతులలో కూర్చున్నవారివంటి మనుష్యులతోనే నడువగోరి, సార్జంటు పదవితో ఆగిపోయెను. 1916 జూలై 1వ తేదీన సోమ్ నదీప్రాంతమున దాడి జరిగెను. ఆ ఒక్క దినముననే బ్రిటిషు సేనలో సుమారు 57,000 మంది గాయపడియో మరణించియో కూలిరి. అదే పటాలములో కెప్టెనుగానున్న బ్లాండ్ అందు చనిపోయెను. టానీకి రొమ్మునను కడుపునను గుండ్లు దూసికొనిపోయెను. ఇరుసేనల నడుమనున్న బయలుభూమిలో, మరునాటివరకు ఎండలో, రాత్రి చలిలో ఆయన పడియుండెను. ముగ్గురు కలిసి కూర్చిన ఆ పత్రసంపుటమునకు బ్రతికియుండిన సంపాదకుడు ఆయన యొక్కడే. ఆ దాడిని గూర్చి ఆయన వ్రాసిన చిన్నవ్యాసము అదే సంవత్సరము పత్రికలో వెలువడెను. వీరావేశము లేని యుద్ధరచనలలో అది యొకటి.

తరువాతి జీవితము లోకమునకు తెలిసినదే గావున క్లుప్తముగా చెప్పెదను. 1917లో లండను ఆర్థికశాస్త్ర పాఠశాలలో ఉపన్యాసకుడయ్యెను. 1931నుండి 1949వరకు ఆర్థికచరిత్రకు ఆచార్యుడు. 1919లో బొగ్గుగనులను గూర్చిన సాంకీ విచారణసంఘములో గనిపనివారి పక్షమున కూర్చుండెను. గనుల యజమానులను ప్రశ్నించునప్పుడు లాంగ్టన్ విద్యార్థులు ఆయన వెనుక నున్నట్లే భావింపవలెను. గనులు జాతీయము కావలెనను సిఫారసు అప్పుడు నెరవేరలేదు, 1947లో గాని ఆ పని జరుగలేదు. 1918లో రాచ్‌డేల్‌నుండి పార్లమెంటుకు పోటీచేసి ఓడెను. మరి రెండుమారులును ఓటమియే. ఎన్నికల విద్య ఆయనకు పట్టుబడలేదు! 1926లో వెలువడిన మతము, పెట్టుబడిదారీ విధానపు అభ్యుదయము అను గ్రంథము ఆయనకు దేశాంతరకీర్తి తెచ్చెను. వడ్డీని పాపముగా నెంచిన క్రైస్తవలోకము, లాభమును సద్గుణముగా నెంచు స్థితికి ఎట్లు వచ్చెనను ప్రశ్నకు సమాధానమది. ఆ సంవత్సరమే ఆర్థికచరిత్ర సంఘము వెలయుటకు ఆయన తోడ్పడి, దాని పత్రికకు తొలి సంపాదకులలో ఒకడయ్యెను. 1931లో సమానత్వమును గూర్చియు, 1932లో చీనాదేశపు భూమి, శ్రమలను గూర్చియు గ్రంథములు వెలువరించెను.

పాఠశాలోపాధ్యాయులు ఆయనను మరియొక కారణమున స్మరింపవలెను. అందరికిని మాధ్యమికవిద్య అను పేర 1922లో లేబరుపక్షము కొరకు ఆయన వ్రాసిన చిన్నపుస్తకము ఇంగ్లండు విద్యావిధానమును మార్చిన రచనలలో ఒకటి. మాధ్యమికవిద్య ధనవంతుని బిడ్డకు హక్కుగాను, పేదవాని బిడ్డకు పోటీలో గెలిచిన బహుమానముగాను నుండిన కాలమది. ప్రతి బిడ్డయు ప్రాథమికదశ దాటి మాధ్యమికదశకు సహజముగా పోవలెనని ఆయన వాదించెను. హేడో ఉపసంఘములో సభ్యుడుగా నుండి 1926 నివేదికలో ఆ భావమునకు చోటు కల్పించెను. 1944 నాటి విద్యాచట్టముతో ప్రభుత్వ పాఠశాలలలో మాధ్యమికవిద్య ఉచితమయ్యెను. ఇరువదిరెండేండ్లు పట్టినదన్నమాట.

వార్ధక్యమున ఆయనకు పండితుల దెబ్బలు తగిలెను. 1941లో ఆయన వ్రాసిన వ్యాసములో అంతర్యుద్ధమునకు ముందు ఇంగ్లండులో మధ్యమస్థాయి భూస్వాములు బలపడిరని ప్రతిపాదించెను. 1953లో ట్రెవర్-రోపర్ దానిపై తీవ్రమైన దాడి చేసెను. లెక్కలలో లోపములు లేకపోలేదు. అందుచేత ఆయన ప్రశ్న చిన్నది కాలేదు. తరువాతి ఇరువదియేండ్ల పరిశోధన అంతయు ఆ ప్రశ్నచుట్టునే తిరిగెను.

మనిషి నిరాడంబరుడు. యుద్ధకాలపు సార్జంటు కోటును ఏండ్లతరబడి తొడిగినవాడు. దుస్తులపై పొగాకుబూడిద, బల్లపై కాగితముల గుట్టలు. ప్రధాని మెక్‌డోనాల్డ్ ప్రభుపదవి నిచ్చెదననగా, సమానత్వమును గూర్చి గ్రంథము వ్రాసినవాడు దానిని హేళనగానే త్రోసిపుచ్చెను. శ్రామిక విద్యాసంఘమునకు మాత్రము 1928నుండి 1944వరకు అధ్యక్షత వహించెను. భార్య జానెట్ 1958లో గతించెను. 1962 జనవరి 16వ తేదీన, ఎనుబదియొకటవ యేట, టానీ లండనులో కన్నుమూసెను. ఆయనను హైగేటు శ్మశానవాటికలో పూడ్చిరి.

మూడేండ్ల తరగతులు క్రమముగా సన్నగిల్లి, వాని స్థానమున తక్కువకాలపు పాఠములు వచ్చినవి. ఆర్థికచరిత్ర సంఘము ఏటేట ఆయన పేర ఒక స్మారకోపన్యాసము ఇప్పించుచున్నది. లాంగ్టన్‌లో ఆవముల పొగ చాలకాలము క్రిందటనే ఆరిపోయెను. మిగిలిన కొన్నింటిని పడగొట్టక, గ్లాడ్‌స్టన్ కుండలపరిశ్రమ ప్రదర్శనశాలగా కాపాడుచున్నారు. బడిపిల్లలు వరుసగా లోనికి పోయి, ఆ చల్లారిన గోడల నడుమ నిలిచి, పైనున్న గుండ్రని రంధ్రములోనుండి ఆకాశమును చూచి వచ్చుచుందురు.